తల తీసినా తీరని చిక్కు: మాంటిస్ రొయ్య గురించి ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి అడుగువల లాగడానికి వెళ్ళే మరపడవల మీద వల సంచి ముడి విప్పగానే డెక్కు మీద పడే రాశిలోంచి కలాసీలు ముందు రొయ్యలను, ఆ తరువాత పీతలను, చందువ, గులివింద వంటి ధర పలికే చేపలను ఏరుకుంటారు. మిగిలినదంతా చెత్త కింద లెక్క. ఆ చెత్తలో చదునైన ఒంటితో, మట్టి రంగు పెంకుతో, ఏమరుపాటున ముట్టుకున్నవారి వేళ్ళను చీరివేసే జీవి ఒకటి తరచుగా కనిపిస్తుంది. పత్రికలు దీనిని మాంటిస్ రొయ్య అంటాయి, మత్స్యశాఖ వ్యవహారంలో దీని పేరు స్క్విల్లా. పారతో ఎత్తి ఒక మూల పోసిన ఈ జీవి చివరకు ఎండి కోళ్ళ మేతకో, చేపల పొడికో, ఎరువుకో పోతుంది, లేదా తిరిగి సముద్రంలోనే పడుతుంది. ఇదే వర్గపు జీవిని జపాన్, చైనా, ఇటలీ తీరాల్లో ప్రాణంతో ఉండగానే వండి ఇష్టంగా తింటారు. ఈ తేడాకు మన తీరప్రజల అభిరుచి కారణం కాదని, ఆ జంతువు శరీర నిర్మాణాన్ని గమనించకుండా దానిని కూడా రొయ్యలాగే ఐసులో వేసి ఒడ్డుకు తేవాలనుకోవడమే కారణమని వివరించి, పడవ మీద దానిని సంబాళించే తీరును ఆ నిర్మాణానికి తగినట్టు మార్చవలసిందిగా శాఖను కోరడం ఈ లేఖ ఉద్దేశం.

ముందుగా చెప్పుకోవలసిన విషయం, మాంటిస్ రొయ్య అసలు రొయ్యే కాదు. రొయ్యలు, పీతలు, లోబ్‌స్టర్లు దశపాదులు, అంటే పది నడక కాళ్ళు గల జీవుల గణానికి చెందినవి. మాంటిస్ రొయ్యలు స్టొమాటోపోడా అనే వేరే గణానికి చెందినవి. ఈ రెండు శాఖలు సుమారు 40 కోట్ల సంవత్సరాల కిందటే విడిపోయాయని శాస్త్రవేత్తల అంచనా. ప్రపంచంలో 450కి పైగా జాతులున్న ఈ గణంలోని జీవులను వేటాడే పద్ధతిని బట్టి రెండు తెగలుగా చెబుతారు: పగడపు దిబ్బల రాళ్ళ సందుల్లో ఉంటూ నత్తల, పీతల పెంకులను పిడిగుద్దులతో పగలగొట్టేవి ఒక తెగ కాగా, మెత్తని బురదలో బొరియ తవ్వుకుని దాని నోటి దగ్గర పొంచి ఉండి, అటుగా వచ్చిన చేపను, రొయ్యను ముళ్ళ కొక్కేలతో పొడిచి పట్టేవి రెండవ తెగ. బురద నేల మీద లాగే వలల్లో పడేవి ప్రధానంగా ఈ రెండవ తెగవే.

ఈ జీవి తలను, వక్షంలోని ముందు భాగాన్ని మాత్రమే కప్పే చిన్న పెంకు ఒకటి ఉంటుంది. వక్షంలోని చివరి నాలుగు ఖండాలు పెంకు కిందికి రాకుండా బయటకే కనిపిస్తాయి. రొయ్యలో తల, వక్షం మొత్తం ఒకే పెంకు కింద దాగి ఉంటాయి కనుక ఈ ఒక్క లక్షణంతోనే రెండింటినీ వేరు చెప్పవచ్చు. తల ముందు భాగంలో కదిలే చిన్న ఖండాల మీద కాడల వంటి ఆధారాలతో రెండు కళ్ళు, మూడేసి పోగులుగా చీలిన ఒక జత మీసాలు ఉంటాయి. నోటికి దగ్గరగా అయిదు జతల దవడకాళ్ళు, అంటే ఆహారాన్ని పట్టుకుని నోటికి అందించడానికి మార్పు చెందిన కాళ్ళు ఉంటాయి. వాటిలో రెండవ జతే వేటకు వాడే ఆయుధం. మిగిలినవి ఆహారాన్ని సర్దుకోవడానికి, ఒళ్ళు శుభ్రం చేసుకోవడానికి, ఆడ జీవి విషయంలో గుడ్ల ముద్దను పొదివి పట్టుకోవడానికి పనికివస్తాయి. నడక కాళ్ళు మూడు జతలే. వాటి వెనుక వెడల్పయిన ఆరు ఖండాల ఉదరం, చివర ముళ్ళు తేలిన గట్టి తోక పలక ఉంటాయి.

ఈ జంతువు కళ్ళ గురించి పత్రికల్లో వచ్చే వింత కథనాలకు కొంత సవరణ అవసరం. ఒక్కొక్క కంటి మధ్యగా సాగే పట్టీ దానిని మూడు భాగాలుగా విభజించడం వల్ల ఒకే కంటితో దూరాన్ని అంచనా వేయగల శక్తి ఈ గణానికి ఉందన్నది నిజమే. పగడపు దిబ్బల జాతుల్లో ఆ పట్టీ ఆరు వరుసలుగా ఉండి, అందులో రంగులను గ్రహించే కణాలే పన్నెండు రకాలు ఉంటాయన్నదీ, కాంతి తరంగం మెలి తిరుగుతూ సాగే వృత్తాకార ధ్రువణాన్ని అవి చూడగలవని 2008లో తేలిందన్నదీ నిజమే. అయితే దగ్గరదగ్గరి రంగులను వేరుపరచడంలో ఆ జాతులు మనిషి కంటే వెనుకబడే ఉన్నాయని 2014లో వెలువడిన ప్రయోగ ఫలితాలు చూపాయి. మన బురద నేలల జాతుల విషయానికి వస్తే, వాటి కంటి పట్టీ రెండు వరుసలకే కుదించుకుపోయి రంగుల సంగతి దాదాపు వదులుకుంది. మసక నీటిలో, ఎక్కువగా రాత్రిపూట వేటాడే జీవికి ఆ సంపద వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. వినోదానికి మించి ఈ ప్రస్తావనకు ప్రయోజనం ఏమిటంటే, పగడపు దిబ్బల జాతి గురించి చదివిన ప్రతి విశేషాన్నీ మన వలలో పడిన జాతికి అంటగట్టరాదు.

వేటకాలి విషయంలోనూ అంతే. నెమలి రంగుల మాంటిస్ రొయ్య అనే దిబ్బల జాతి తన గదాకారపు కాలితో సెకనుకు 23 మీటర్ల వేగాన్ని అందుకోగలదని 2004లో జీవశాస్త్రవేత్త షీలా పటేక్, ఆమె సహచరులు కొలిచి చూపారు. కాలి కండరం ముందుగా సంకోచించి, జీను ఆకారంలో ఉన్న పెంకు పలకను వంచి, అందులో శక్తిని నిలువ చేస్తుంది. గడియ వంటి అడ్డు తొలగిన క్షణంలో ఆ శక్తి అంతా ఒక్కసారిగా విడుదల కావడం వల్లనే ఆ వేగం సాధ్యపడుతుంది. పొడిచే తెగ కాలికి అంత వేగం లేదు. దాని చివరి కణుపు పదునైన ముళ్ళతో, దాని కింది కణుపులోని గాడిలోకి జేబుచాకు అలుగులా మడుచుకుని ఉంటుంది. ముళ్ళ లెక్క జాతిని గుర్తించడానికి పనికివస్తుంది: మన తీరాల్లో సర్వసాధారణమైన మియాకెల్లా నేపాలో ఆరు ముళ్ళు, అడుగు పొడవుకు పైగా పెరిగే హార్పియోస్క్విల్లా రాఫిడియాలో ఎనిమిది ముళ్ళు కనిపిస్తాయి. కలాసీల వేళ్ళు తెగేది ఈ ముళ్ళ వల్లే. తోక పలకను కొడుతూ ఎగిరిపడే అలవాటు వల్ల వెనుక నుంచి పట్టుకున్నా దెబ్బ తప్పదు కనుక, చేతికి తొడుగు లేకుండా దీనిని ఏరమనడం అన్యాయం.

ఆహారంగా దీని భవిష్యత్తును తేల్చేది మాత్రం కన్నూ కాదు, వేటకాలూ కాదు. పైనుంచి చూస్తే ఏ విశేషమూ కనిపించని ఉదరం. రొయ్యలో జీర్ణరసాలను స్రవించే కాలేయ-క్లోమ గ్రంథి తల పెంకు కిందే ఉంటుంది, మొప్పలు అక్కడే, గుండె అక్కడే; కాబట్టి తల తుంచివేయగానే త్వరగా కుళ్ళే భాగాలన్నీ దాదాపుగా పోయి, చేతిలో మిగిలే తోకలో ఉండేది కండ, దాని మీదుగా సాగే సన్నని పేగు మాత్రమే. మన రొయ్యల కర్మాగారాల పనితీరంతా ఈ ఒక్క సౌకర్యం మీద నిలబడి ఉంది. మాంటిస్ రొయ్యలో అమరిక ఇందుకు విరుద్ధం. దాని గుండె వక్షం నుంచి ఉదరం దాకా సాగే పొడవైన గొట్టం. దాని మొప్పలు పెంకు కింద కాక, ఉదరం అడుగున ఉన్న అయిదు జతల ఈతకాళ్ళకు కుచ్చుల్లా వేలాడుతూ ఉంటాయి. జీర్ణగ్రంథి పేగు వెంట ప్రతి ఖండంలోనూ పక్కలకు కొమ్మలు వేస్తూ ఉదరం పొడవునా సాగి తోక పలకలోకి కూడా ప్రవేశిస్తుంది. ఆడ జీవిలో అండాశయమూ అదే దారిలో వక్షం నుంచి తోక దాకా వ్యాపిస్తుంది. అంటే తినదగిన కండ ఎక్కడ ఉందో, ఆ కండను కరిగించే రసాలూ అక్కడే ఉన్నాయి.

ప్రాణం ఉన్నంతసేపూ ఆ రసాలు గ్రంథి గోడల లోపలే కట్టుబడి ఉంటాయి. ప్రాణం పోయిన తరువాత గోడలు సడలి, మాంసకృత్తులను ఛేదించే ఎంజైములు పక్కనున్న కండలోకి ఊరడం మొదలవుతుంది; జీవి తన కండను తానే జీర్ణించుకునే ఈ ప్రక్రియను శాస్త్రభాషలో స్వయంజీర్ణం అంటారు. ఐసు ఆ ప్రక్రియను మందగింపజేస్తుందే తప్ప ఆపలేదు. నాలుగైదు రోజుల వేట ముగించుకుని వచ్చిన పడవలో ఐసు అడుగున ఉన్న మాంటిస్ రొయ్యను ఒడ్డున విప్పితే పెంకు పైకి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. లోపల కండ జారుడుగా, పలుచగా, పెంకుకు అతుక్కుపోయి ఉంటుంది. దానిని ఇంటికి తీసుకువెళ్ళి వండినవారు మరొకసారి కొనకపోవడంలో వింత లేదు. తల తీసి ఐసులో పెట్టినా ఫలితం మారదు, ఎందుకంటే తలతో పాటు పోయింది గ్రంథిలో కొంత భాగమే. ఆ ఎంజైములను నిలువరించగలిగేది వేడి ఒక్కటే. అది కూడా ప్రాణం ఉండగానో, పోయిన కొద్దిసేపటికో తగలాలి.

ఈ సంగతి జపాన్ మత్స్యకారులకు అనుభవంతో తెలుసు. అక్కడ షాకో అని పిలిచే ఒరాటోస్క్విల్లా ఒరాటోరియా జాతి టోక్యో అఖాతంలో విరివిగా దొరికిన కాలంలో, యోకోహామా నగరంలోని కొషిబా రేవు దానికి పేరు మోసింది. ఒడ్డుకు చేరగానే ఉడికించడం, పెంకు అంచులను రెండు వైపులా కత్తెరతో కత్తిరించి పై పలకను లేపడం, విరగకుండా వచ్చిన కండను పరిమాణం ప్రకారం చిన్న పళ్ళేల్లో పేర్చి సంతకు పంపడం అక్కడి పద్ధతి. సుషీ దుకాణానికి పచ్చి చేపలన్నిటి మధ్యా షాకో మాత్రం ఉడికే చేరేది. దాని మీద తియ్యని చిక్కటి పులుసు పూసి వడ్డిస్తారు. కత్తెర వాడకానికీ శరీర నిర్మాణంలోనే కారణముంది: ఉదరం పై పలకల మీద నిలువుగా ఎనిమిది గట్లు, వాటి కొసల్లో ముళ్ళు ఉండటం వల్ల రొయ్యలాగా వేళ్ళతో ఒలవబోతే ముందు వేళ్ళు తెగుతాయి, ఆ పిమ్మట చదునైన పలుచటి కండ ముక్కలవుతుంది.

చైనాలో దారి వేరు. అక్కడ ప్రాణంతో అమ్మడమే ప్రధానం. ఉత్తరాన బోహాయ్ సముద్ర తీరంలో ఆవిరి మీద ఉడికించి, దక్షిణాన గ్వాంగ్‌డాంగ్, హాంగ్‌కాంగ్ ప్రాంతాల్లో ఉప్పు, మిరియాలు, వెల్లుల్లితో వేయించి తింటారు. ఒకదానినొకటి పొడుచుకోకుండా పెద్ద జాతులను ఒక్కొక్క ప్లాస్టిక్ సీసాలో ఒక్కొక్కటిగా ఉంచి అమ్మడం ఆగ్నేయాసియా సంతల్లో మామూలే. కొనేవారు జీవిని వెల్లకిలా తిప్పి, వక్షం కింద తెల్లని అడ్డగీతలు ఉన్నాయా అని చూస్తారు. గుడ్లను ముద్దగా అతికించడానికి అవసరమైన జిగురును స్రవించే గ్రంథులే ఆ గీతలు. అవి స్పష్టంగా ఉంటే లోపల అండాశయం నిండి ఉందని అర్థం, ధర కూడా ఎక్కువే. ఇటలీలో అడ్రియాటిక్ తీరవాసులు స్క్విల్లా మాంటిస్ అనే తమ జాతిని, ముఖ్యంగా చలికాలంలో గుడ్లు నిండిన ఆడవాటిని, ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసంతో తింటారు. మూడు దేశాల వంటలు మూడు తీరులుగా ఉన్నా, జీవి ప్రాణంతో ఉండగానే పొయ్యి దాకా చేరాలన్న నియమం మాత్రం ఒక్కటే.

మన దేశంలో ఈ జీవి గురించి శాస్త్రజ్ఞానానికి కొదవ లేదు. కలకత్తా ఇండియన్ మ్యూజియంలోని సేకరణల ఆధారంగా జంతుశాస్త్రవేత్త స్టాన్లీ కెంప్ 1913లో రాసిన ఇండో-పసిఫిక్ స్టొమాటోపోడ్ల గ్రంథాన్ని ఈ రంగంలో పనిచేసేవారు నేటికీ తిరగేస్తారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మంగళూరు తీరంలో ఈ జీవుల వేటను, జీవితచక్రాన్ని దశాబ్దాల కిందటే అధ్యయనం చేసింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు దీని పెంకు నుంచి కైటిన్‌ను, దానిని మార్చి కైటోసాన్‌ను తీసే పద్ధతులను పరిశీలించారు. కైటిన్ అంటే ఇటువంటి జీవుల పెంకుకు గట్టిదనాన్నిచ్చే నారపదార్థం, కైటోసాన్ నీటి శుద్ధి మొదలు గాయాల కట్ల దాకా పనికివచ్చే దాని రూపాంతరం. పెంకు వైపు ఇంత దృష్టి పెట్టిన వ్యవస్థ, అదే జీవిని పళ్ళెంలోకి తేవడానికి పడవ మీద చేయవలసిన మొదటి గంట పనిని ఎవరికీ అప్పగించలేదు. ఈ రెండు సంస్థలకూ విశాఖపట్నంలో కేంద్రాలు ఉన్నందున, శాఖ పూనుకుంటే సలహా కోసం దూరం పోవలసిన పని లేదు.

శాఖ చేయదగిన పని చిన్నదే. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఇష్టపడి ముందుకు వచ్చే కొన్ని పడవలను ఎంపిక చేసి, ప్రతి వేటలోనూ చివరి లాగులో, అంటే ఆఖరుసారి లాగిన వలలో, పడిన మాంటిస్ రొయ్యలను మాత్రమే ప్రయోగానికి తీసుకోవాలి. మొదటి రోజుల్లో పడినవాటిని ఒడ్డు దాకా బతికించడం అసాధ్యం కాకపోయినా ఖర్చుతో కూడినది. చివరి లాగులోని వాటికి గంటల వ్యవధి చాలు. తడి గోనె కప్పిన బుట్టల్లో నీడపట్టున ఉంచి, వీలైతే పడవ మీదే, కాకపోతే రేవులో ఏర్పరచిన పొయ్యి దగ్గర, మరుగుతున్న ఉప్పునీటిలో వేయాలి. ఊగే డెక్కు మీద మరిగే నీటి పాత్ర ప్రమాదకరం కనుక భద్రత ఏర్పాట్లు లేని పడవకు ఆ పని అప్పగించకుండా రేవు పొయ్యికే ప్రాధాన్యం ఇవ్వడం మేలు. మొప్పలు ఉదరం కిందే ఉండి బురదను పట్టి ఉంచుతాయి కాబట్టి ఉడికించే ముందు ఈతకాళ్ళ నడుమ శుభ్రమైన నీటితో కడగడం తప్పనిసరి. కత్తెర పనిలో మత్స్యకార మహిళల పొదుపు సంఘాలకు శిక్షణ ఇస్తే, ఎండుచేపల వ్యాపారంలో వారికి ఇప్పటికే ఉన్న అనుభవం తోడవుతుంది. ఒలిచిన కండ పరిమాణంలో తక్కువ, రొయ్యతో పోలిస్తే తరుగు ఎక్కువ అన్న మాట దాచవలసిన పని లేదు. ధర కట్టేటప్పుడే ఆ తరుగును లెక్కలోకి తీసుకోవాలి. మీదుమిక్కిలి, పెంకు విడిచిన కొత్తలో లోపలి కండ పెంకును నింపేటంత పెరిగి ఉండదు కాబట్టి, ఏ నెలల్లో జీవి కండ పట్టి ఉంటుందో రేవు దగ్గరే తూకం వేసి నమోదు చేయడం ప్రయోగంలో భాగం కావాలి.

రుచి విషయంలో తీరాంధ్ర వంటింటికి ఎవరూ పాఠాలు చెప్పనవసరం లేదు. కండలో పీతను తలపించే తీపి ఉంటుంది, నార రొయ్య కంటే మెత్తన. కాబట్టి ఎక్కువసేపు ఉడికే ఇగురు కంటే, ముందే ఉడికిన కండను చివర్లో చేర్చే పులుసుకో, పెంకుతోనే సగానికి చీల్చి అల్లం వెల్లుల్లి, మిరియాలతో చేసే వేపుడుకో ఇది నప్పుతుంది.

ఆరోగ్యానికి సంబంధించి రెండు విషయాలను ప్రయోగం తొలి రోజు నుంచే పట్టించుకోవాలి. రొయ్య, పీత పడనివారికి ఇది కూడా పడకపోవచ్చు. అలర్జీని కలిగించే ట్రోపోమయోసిన్ అనే కండర మాంసకృత్తి ఈ వర్గాలన్నిటిలోనూ ఉంటుంది కనుక ప్యాకెట్టు మీద ఆ హెచ్చరిక ఉండాలి. రెండవది కాడ్మియం. ఈ భారలోహాన్ని పెంకు జీవులు జీర్ణగ్రంథిలో పోగుచేసుకుంటాయి. ఐరోపా సమాఖ్య ఇటువంటి జీవుల ఉదర, కాళ్ళ కండలో కిలోకు 0.50 మిల్లీగ్రాములకు మించి కాడ్మియం ఉండరాదని నిబంధన పెట్టింది. రొయ్య ఉదరంలో గ్రంథి లేదు, మాంటిస్ రొయ్య ఉదరంలో ఉంది. అందువల్ల రొయ్యకు చేసిన పరీక్షలను చూపి దీనిని సురక్షితమనడం కుదరదు. ఏ రేవు నుంచి వచ్చిన సరుకునైనా కండను, గ్రంథిని విడివిడిగా పరీక్షించి, అవసరమైతే ఒలిచేటప్పుడే గ్రంథి చారను తీసివేయాలన్న నియమం పెట్టిన తరువాతే అమ్మకానికి అనుమతించాలి.

2025లో అమెరికా విధించిన సుంకాలతో వనామీ రొయ్యల రైతులు ఇబ్బంది పడిన నేపథ్యంలో ఏ కొత్త సముద్రాహారం పేరు వినిపించినా దానిని ప్రత్యామ్నాయమనడం పరిపాటి అయింది. మాంటిస్ రొయ్య అలాంటిది కాదు. ఒకదానినొకటి తినే స్వభావం వల్ల దీనిని చెరువులో పెంచవచ్చన్న ఆశ కూడా సన్నగిల్లుతుంది. ఇది ఇప్పటికే వలలో పడి పాడవుతున్న సరుకుకు కొంత విలువ తెచ్చే పని మాత్రమే. ధర పెరిగితే దీని కోసమే అడుగువలలు అదనంగా దిగే ప్రమాదాన్ని శాఖ ముందే ఊహించాలి. టోక్యో అఖాతంలో వేట ఒత్తిడికి, వేసవిలో అడుగు నీటిలో ప్రాణవాయువు క్షీణించే స్థితి తోడై షాకో పడటం దారుణంగా తగ్గిపోగా, 2000ల మధ్య నాటికి కొషిబా మత్స్యకారులు ఆ వేటను తామే నిలిపివేసుకోవలసి వచ్చింది. గుడ్లు నిండిన ఆడవాటికి ఎక్కువ ధర కట్టే చైనా, ఇటలీ అలవాటును మన రేవుల్లో ప్రోత్సహించకపోవడం, అరచేతిలో ఇమిడేంత చిన్నవాటిని కొనకూడదన్న షరతు పెట్టడం, పట్టుబడిని జాతులవారీగా నమోదు చేయడం ఈ ప్రయోగానికి ముందస్తు షరతులు కావాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు విరామం ఉంటుంది. పడవలు రేవులో కట్టివేసి ఉండే ఆ 61 రోజుల్లోనే పొయ్యిలు, కత్తెరలు, చేతి తొడుగులు, పరీక్షా ఏర్పాట్లు సమకూర్చి, కలాసీలకు, మహిళా సంఘాలకు శిక్షణ ముగించగలిగితే, జూన్ 15న బయలుదేరే తొలి పడవల చివరి లాగు నుంచే ప్రయోగం మొదలుపెట్టవచ్చు. ఇందుకు తగిన ఉత్తర్వులు విరామానికి ముందే జారీ చేయవలసిందిగా శాఖకు విన్నపం.